పిల్లిపిల్లకు నేను రాసిన ఏడు సూచనలు

రిటైరైన పశువైద్యులందరినీ మా శాఖ ప్రత్యేక సంచిక కోసం తలా ఒక అనుభవం రాయమన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న మీలాంటి పిల్లలకు స్ఫూర్తిగా ఉండాలట. మిగతావాళ్లు ఏం రాస్తారో నాకు తెలుసు. జోరువానలో మోకాలి లోతు నీళ్లు దాటి వెళ్లి, అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన కథ ఒకరు రాస్తారు. అదే కథను వాన లేకుండా ఇంకొకరు రాస్తారు. నా దగ్గరా అలాంటి దూడలు ఓ డజను ఉన్నాయి గానీ, వాటివల్ల మీరు నేర్చుకునేదేమీ లేదు. అవి బతికాయి, నేను శాలువా కప్పించుకున్నాను, అంతే. నేను రాసేది ఆరు వందల గ్రాముల బరువున్న ఒక పిల్లిపిల్ల గురించి. దాన్ని కళ్లతో చూడకముందే దాదాపు చంపేసిన ఘనత నాది.

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇరవై ఏడేళ్లు నేను గొడ్ల డాక్టర్‌ని. పాలంపేట చుట్టుపక్కల వరి పొలాల ఊళ్లలో ఎడ్లు, ధర్మసాగర్ వైపు బర్రెలు, అన్నిచోట్లా గొర్లు, మేకలు. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి చేసే వైద్యం నాది. చివరి రెండేళ్లకు నగరంలో ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. అక్కడికి పొద్దున మేకలు, పదింటి తర్వాత బొచ్చు కుక్కలు, అప్పుడప్పుడు పంజరంలో ఒక చిలుక వచ్చేవి. కుక్కల్ని నేను దూడలనుకుని చూసేవాణ్ని. పని జరిగిపోయేది. పిల్లి మాత్రం అప్పటిదాకా నా టేబుల్ మీదికి ఎక్కలేదు.

ఇలా ఉండగా పెంపుడు జంతువుల యజమానుల్లో అవగాహన పెంచాలని పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఎవరిలో ఏం పెంచాలన్నా మన దగ్గర దారి ఒకటే, ఫ్లెక్సీ కొట్టించడం. రాసే బాధ్యత నాది. ఆ ఉదయమే ఒక బొచ్చుకుక్క ఆటోలో కక్కుకుని వచ్చి మా గచ్చంతా పాడుచేసింది, ఇంకోటి ఒంటినిండా పిడుదులతో వచ్చి నా చొక్కాకు నాలుగు అంటించి పోయింది. ఆ కోపంలో కలం పట్టి పది నిమిషాల్లో రాసేశాను. "మీ పెంపుడు జంతువును మొదటిసారి ఆసుపత్రికి తెస్తున్నారా?" అని పైన పెద్ద అక్షరాలు. కింద ఏడు సూచనలు. ముందురోజు రాత్రి ఎనిమిది నుంచి మేత పెట్టరాదు. ఉదయాన్నే శుభ్రంగా స్నానం చేయించాలి. పిడుదుల మందు నీళ్లలో కలిపి ఒళ్లంతా పట్టించాలి. గట్టి తాడుతో కట్టి తేవాలి. తాజా పేడ నమూనా తేవాలి. పట్టుకోవడానికి బలమైన మనిషిని వెంట తెచ్చుకోవాలి. డాక్టరు గారికి సహకరించాలి.

ఏ జంతువు అని ఎక్కడా లేదు. అన్నిటికీ కలిపి ఒకే మాట చెప్పడం పరిపాలనా దక్షత అని అప్పట్లో నా అభిప్రాయం. ఫ్లెక్సీ షాపతను నా ఫొటోకు పక్కన ఒక విదేశీ కుక్కను నిలబెట్టి, మూల ఖాళీగా ఉందని మెడలో నీలం రిబ్బను కట్టిన పిల్లిపిల్ల బొమ్మ కూడా పెట్టాడు. చూడముచ్చటగా ఉందని మెచ్చుకున్నాను కూడా.

మా దగ్గర యాభై ఏళ్ల అటెండరమ్మ ఒకామె ఉండేది. కట్లు కట్టేది, గచ్చు కడిగేది, టీ పెట్టేది, నేను ఎక్కడో పెట్టి మరిచిన కళ్లద్దాలు వెతికిచ్చేది. ఆదివారం చర్చికి పోయినా, పెళ్లికి పోయినా సాయంత్రానికి ఇంటికి చేరాల్సిందే, ఎందుకంటే ఇంట్లో నాలుగు పిల్లులు ఎదురుచూస్తుంటాయి. గోడకు ఫ్లెక్సీ కొడుతూ కొడుతూ సుత్తి ఆపింది.

"సార్, గీ మూల పిల్లి బొమ్మ ఉన్నది గద. పిల్లికి గీ పిడుదుల మందు పడదు సార్. మా గల్లీల ఒగ పిల్లికి గిట్లనే రుద్దితే పొద్దుగూకకముందే సచ్చిపోయింది."

"పిల్లంటే ఏంది? చిన్న కుక్కే గద! డోసు తగ్గించుకుంటరు. నువ్వు మేకు గట్టిగ కొట్టు" అన్నాను.

ఆమె గట్టిగానే కొట్టింది. నిజానికి ఆమె చెప్పింది మా కాలేజీ పుస్తకంలోనూ ఉంది. పరీక్ష కోసం ఆ పేజీ చదివాను, పరీక్ష హాల్లోనే దాన్ని వదిలేసి వచ్చాను.

ఫ్లెక్సీ పెట్టిన పదకొండో రోజు. నేను వచ్చేసరికి వరండాలో మేకల వరసలో ఒకాయన బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. యాభై అయిదేళ్లుంటాయి. ఒళ్లో చిన్న ప్లాస్టిక్ బుట్ట, చేతిలో టోకెను, జేబులో చిన్న నోటుబుక్కు. కాజీపేటలో గూడ్సు బండి గార్డు. ఆ ఉద్యోగానికి ఇప్పుడు కొత్త ఇంగ్లీషు పేరేదో పెట్టారు గానీ ఆయన తనను గార్డనే చెప్పుకున్నాడు. భార్య టీచరు, వేరే జిల్లాలో పోస్టింగు, ఆదివారాలు వస్తుంది. మిగతా ఆరు రోజులు రైల్వే క్వార్టర్లో ఒక్కడే.

నాకంటే ముందు ఆయన్ని అటెండరమ్మ చూసింది. ఆయన్ని కాదు, బుట్టను. మూత తీసి నావైపు పరుగున వచ్చింది.

"సార్, జల్ది రాండ్రి. పిల్లిపిల్ల కొట్టుకుంటాంది."

టేబుల్ మీద పెట్టి చూస్తే అరచేతిలో పట్టే బూడిదరంగు పిల్ల. నోటి నిండా చొంగ, చెవులు ఎగిరెగిరి పడుతున్నాయి, ఒళ్లంతా ఆగకుండా అదురుతోంది. మెడలో తెల్ల తాడు. గార్డు తన విజిలు తాడు విప్పి కట్టాడు. వెనకాల ఆటో డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బలమైన మనిషట, ఆరో సూచన. టేబుల్ అంచున అగ్గిపెట్టె ఒకటి పెట్టి, "పేడ సార్, పొద్దుగాల ఐదున్నరది" అన్నాడు గార్డు.

నాకు ఇంకా ఏమీ తట్టలేదు. సీనియర్ డాక్టర్లు ఏమీ తట్టనప్పుడు చేసే పనే చేశాను. గొంతు పెంచాను.

"ఏం చేసిండ్రయ్యా దీన్ని?"

"మీరు చెప్పిందే చేసిన సార్." నోటుబుక్కు తీసి నిలబడి చదివాడు. నిన్న ఎవరూ లేని వేళ వచ్చి, గోడ మీది ఏడు సూచనలూ అక్షరం పొల్లు పోకుండా ఎక్కించుకుని పోయాడట. "రాత్రి 8.00, ఆహారం బంద్. ఉదయం 6.15, స్నానం. 6.40, పిడుదుల మందు, ఒళ్లంతా. 8.20, చొంగ. 8.50, చెవులు అదురుట. 9.15, పూర్తిగా వణుకుట." తలెత్తాడు. "చలికి వణుకుతాందనుకున్న సార్. స్నానం చేపిచ్చిన గద. టోకెన్ నంబరు వచ్చేదాక కూసున్న."

పిల్లలూ, మీరు చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత చక్కని కేసు షీటు ఉండదు. రెండు నెలల పిల్లను రాత్రంతా పస్తు పడుకోబెట్టి, పొద్దున్నే చన్నీళ్లు పోసి, ఆపైన గొడ్లకు వాడే విషం పట్టించాలంటే మనసులో పగ ఉండాలి. ఈయనకు పగ లేదు. నా ఫ్లెక్సీ మీద నమ్మకం ఉంది.

అప్పటికి అటెండరమ్మ నా ఆజ్ఞ కోసం ఎదురుచూడటం మానేసింది. టీ గిన్నెలు తోమే సబ్బు, కెటిల్లో గోరువెచ్చని నీళ్లు, స్టీలు బేసిను. విజిలు తాడు కత్తిరించి పిల్లను ఒకసారి కడిగింది, నీళ్లు పారబోసి మళ్లీ కడిగింది. నేను చిగుళ్ల మీద గ్లూకోజు రుద్దాను. మూర్ఛ మందు ఇవ్వాలి. మా ఆసుపత్రిలో ఉన్న అన్నిటికంటే చిన్న సిరంజి కూడా ఆ పిల్ల తోకంత పొడుగుంది. ఆటో డ్రైవరు పరుగెత్తి ఎదురు మెడికల్ షాపు నుంచి షుగరు పేషెంట్ల సిరంజి తెచ్చాడు. ఆరో సూచన ఒక్కటే పనికొచ్చింది. బర్రె మెడలో నరం కళ్లు మూసుకుని పట్టే నా వేళ్లకు ఆ కాలిలో నరం దొరకలేదు, మందు మలద్వారం గుండా ఇచ్చాను. రెండు వాటర్ బాటిళ్లలో వేడినీళ్లు నింపి, తువ్వాళ్లు చుట్టి, మధ్యలో పిల్లను పెట్టాం.

తర్వాత చేసేదేమీ లేదు, కూర్చోవడమే. మేకలు వచ్చాయి, పోయాయి. గార్డు కదల్లేదు. ఆ పిల్ల ఎక్కడిదంటే, ఒకరోజు డ్యూటీలో బండి చివర తన పెట్టెలోకి ఏదో స్టేషన్లో అదే ఎక్కిందట. కాజీపేటలో దిగితే వెంట దిగిందట. "నాకేం సంబంధం లేదు సార్, బండిల దొరికింది" అని మూడుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ బాటిలు చల్లబడిందేమోనని తాకి చూశాడు.

మధ్యాహ్నం దాకా రెండుసార్లు మళ్లీ కొట్టుకుంది. రెండోసారి ఇక పోయిందనే అనుకున్నాను. అటెండరమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది. నేనూ చేశాను గానీ, పిల్లి బతకాలని కొంచెం, ఈ సంగతి పైకి పొక్కకూడదని ఎక్కువ. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. నాలుగింటికి వణుకు సన్నగిల్లింది. కళ్లు తెరిచి, తువ్వాలు అంచు నోటితో పట్టుకుని చీకబోయింది.

గార్డు లేచి నిలబడ్డాడు. నోటుబుక్కు తీశాడు.

"కారణం ఏం రాయాలె సార్?"

"ఏం కారణం?"

"మా దగ్గర బండి రెండు నిమిషాలు ఆగినా కారణం రాయాలె సార్. ఎవరి తప్పో తేలాలె. లేకుంటే మళ్లైతది."

నేను మీకు చెప్పాలనుకున్నది ఈ ఘడియ గురించే. గోడ మీద నా ఫొటో నవ్వుతోంది, దాని కింద మూడో సూచన. "తప్పు నాదయ్యా" అనడానికి రెండు సెకన్లు చాలు. కానీ ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు మనిషికి ఊరికే పోదు. మెమోలకు జవాబులు రాసీ రాసీ, తప్పు మన బల్ల మీదికి రాగానే పక్క బల్ల మీదికి తోసే నేర్పు చేతికి దానంతట అదే వచ్చేస్తుంది.

"మందు మీరు కొంచెం ఎక్కువ పట్టించినట్టున్నరు" అన్నాను.

ఆయన కూర్చుని, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని రాశాడు. రాస్తూ పైకి చదివాడు. "కారణం: నేను మందు ఎక్కువ పట్టించుట. పూర్తి బాధ్యత నాదే." కింద సంతకం పెట్టాడు. అటెండరమ్మ తువ్వాలు పిండుతోంది. అందులో నీళ్లయిపోయి చాలాసేపైంది, అయినా పిండుతూనే ఉంది. నా వంక మాత్రం చూడలేదు.

మా ఆసుపత్రిలో జంతువుల్ని ఉంచుకునే ఏర్పాటు లేదు. పిల్లను అటెండరమ్మే ఇంటికి తీసుకుపోయింది. అందరూ పోయాక నేను స్టూలెక్కి ఫ్లెక్సీ పీకి, చుట్టి, బీరువా వెనక దోపాను. పొద్దున ఆమె ఖాళీ గోడను చూసింది.

"ఎందుకు తీసిండ్రు సార్?"

"దుమ్ము పట్టింది."

"పన్నెండు దినాలకేనా?" అని, చీపురు తీసుకుని పోయింది.

మూడో రోజు గార్డు వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్ల యూనిఫాంలో ఉన్నాడు. అటెండరమ్మ పిల్లను బుట్టలో తెచ్చి టేబుల్ మీద పెట్టింది. అది శుభ్రంగా కోలుకుని, నా పెన్ను మూతతో కుస్తీ పడుతోంది. ఆయన చెయ్యి చాపాడు. సగం దాకా చాపి వెనక్కి తీసుకున్నాడు.

"చెల్లె, దీన్ని నువ్వే ఉంచుకో" అన్నాడు ఆమెతో. "నా చేతుల పెడితే సచ్చిపోతది."

"అట్లెందుకంటవన్నా? మంచిగనే ఉన్నది గద."

"లేదు. నాకు చేతకాదు. ఇగో, చార్జి అప్పజెప్తాన." నోటుబుక్కు ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. చేతులు తడిగా ఉన్నాయంది. లేవు. నావైపు గడ్డంతో చూపించి, "సార్‌కియ్యి, సార్ సదువుతడు" అంది.

అలా ఆ నోటుబుక్కు నా చేతికొచ్చింది. పిల్ల ఇంటికొచ్చిన రోజు నుంచీ అన్నీ ఉన్నాయి. పాలు ఎన్నింటికి, మూత్రం ఎన్నింటికి, ఎక్కడ. మధ్యలో ఒకచోట ఇలా ఉంది: "మధ్యాహ్నం 2.10, నా బూటులో నిద్ర. లేపలేదు. 2.40, చెప్పులతో డ్యూటీకి బయలుదేరుట."

ముప్పై ఏళ్లుగా ఒక్క రూలూ తప్పని మనిషి యూనిఫాం కింద చెప్పులేసుకుని స్టేషన్‌కు పోయాడు. కొన్ని పేజీల తర్వాత, నేను చెప్తే రాసిన కారణం. నా ముఖం వేడెక్కింది. పిల్లలూ, సిగ్గు అనేది ఆలోచన కాదు, జ్వరం లాంటిది. అప్పటిదాకా నేను తప్పించుకున్నది ఒక మెమో అనుకున్నాను. ఆ మెమోకు బదులు ఈయన తన పిల్లిని వదులుకుంటున్నాడు.

బీరువా వెనక నుంచి ఫ్లెక్సీ తీసి టేబుల్ మీద పరిచాను. మూడో సూచన మీద వేలు పెట్టాను.

"గార్డు గారూ, మీరు మందు ఎక్కువ పట్టించలేదు. పిల్లికి ఆ మందు బొట్టు కూడ పట్టించొద్దు. పస్తు పెట్టొద్దు, చన్నీళ్లు పోయొద్దు. ఇది రాసింది నేను. ఈమె వద్దని చెప్పినా వినలే. ఆ రోజు మీకు అబద్ధం చెప్పిన."

ఆయన ఫ్లెక్సీ మీదికి వంగి మూడో సూచన మళ్లీ చదివాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మూడు దినాలు సార్" అన్నాడు మెల్లగా. "బండి మీద పోతాన, జెండ ఊపుతాన. ఊపుకుంట నా చేతులే చూస్కుంటాన. గీ చేతులతోనే గద దాన్ని సంపబోయిన అని."

 నోటుబుక్కులో ఆ పేజీ తీసి, ఆయన రాసిన కారణం కొట్టేశాను. కింద నా చేత్తో రాశాను. "కారణం: డాక్టరు తప్పుడు సూచన ఇచ్చుట, తర్వాత అబద్ధమాడుట." సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివాడు. తిరిగి నా ముందు పెట్టాడు.

"డేటు, టైము ఎయ్యలె సార్."

వేశాను. అటెండరమ్మ కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను, భుజాలు మాత్రం కదిలాయి.

"అయితే" అన్నాడు గార్డు, ఇప్పుడు నాతో కాదు, ఆమెతో, "నేను సాదుకోవచ్చునా చెల్లె?"

యాభై అయిదేళ్ల మనిషి, గూడ్సు బండికి జెండా ఊపే మనిషి, అలా చేతులు కట్టుకుని పర్మిషన్ అడిగాడు. ఆమె పిల్లను తీసి ఆయన తెల్ల చొక్కాకు ఆనించింది. అది గోళ్లతో పైకి పాకి, కాలరు పట్టుకుని, మెడ దగ్గర ముఖం దాచుకుంది. ఆయన కదిలితే పడిపోతుందేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా బుట్టలోకి దించుకుని తలుపు దాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు.

"టీకకు ఎప్పుడు తేవాలె?"

"పది రోజులు పోనియ్యుండ్రి" అన్నాను. మాట బయటికి రావడంతోనే నాకు కాస్త ధైర్యమొచ్చింది, డాక్టరు గొంతు తిరిగొచ్చింది. "తెచ్చేముందు ఏమేం తయారు చేసుకోవాలంటే..."

చెయ్యి ఎత్తాడు. బండిని ఆపే చెయ్యి అది.

"వస్త సార్. టీక మీరే ఎయ్యాలె. ఏం తయారు చేసుకొని రావాల్నో మాత్రం చెల్లె చెప్తది. మీరు చెప్పొద్దు."

ఆమె చెప్పింది. పొద్దున కడుపు నిండా పెట్టి తీసుకురా అన్నా, స్నానం గీనం వద్దు, బుట్టలో నీ పాత బనీను పరుచు, నీ వాసనుంటే భయపడదు. మూడే ముక్కలు. ఆయన గడపలో నిలబడే మూడూ రాసుకున్నాడు, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. సర్వీసులో నాకు మెమోలు చాలా వచ్చాయి, అన్నిటికీ జవాబులు రాశాను. "మీరు చెప్పొద్దు" అన్న ఈ మెమోకు మాత్రం రాయడానికి ఏమీ దొరకలేదు.